బల్లమీది యుద్ధమునకు ఎవరి ఊరు?

యుద్ధమును ఆటగా ఆడుకొనుట మనుష్యునకు క్రొత్త విద్య కాదు. మన దేశమున పుట్టిన చతురంగము పారసీకమునకు పోయినది. అరబ్బుల నోట షత్రంజ్ అయినది. ఐరోపాకు చేరి చెస్సు అయినది. ఏనుగులు, గుఱ్ఱములు, రథములు, కాల్బలము అను నాలుగు అంగములు గల సేనను అరువదినాలుగు గడులలో నడిపించు ఈ ఆటలో రాజున్నాడు, మంత్రియున్నాడు, బంటున్నాడు. ఊరు మాత్రము లేదు. ఇల్లు లేదు, చెరువు లేదు, బావి లేదు. ఒక గడి వంటిదే మరియొక గడి. నేల ఎగుడుదిగుడులతో ఆటగానికి పని లేదు.

ఈ లోటును తీర్చవలెనను ఆలోచన ఐరోపాలో కలిగినది. ప్రష్యా దేశమున రైస్విట్జ్ అను ఉద్యోగి 1812లో తన రాజైన మూడవ ఫ్రెడరిక్ విలియమునకు ఒక యుద్ధక్రీడా బల్లను సమర్పించినాడు. గుట్టలు, నదులు, గ్రామములు అచ్చుపోసిన పలకలను కావలసినట్లు మార్చి మార్చి ఆ బల్లపై అమర్చవచ్చును. ఆయన కుమారుడు 1824లో ఈ క్రీడను 1:8000 నిష్పత్తి గల పటములపైకి మార్చి, నియమములు సంస్కరించి, సైనికాధికారులకు శిక్షణ సాధనముగా చేసినాడు. ఆ తరువాత 1913లో ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్ 'లిటిల్ వార్స్' అను చిన్న గ్రంథము వ్రాసి, సీసపు సిపాయి బొమ్మలతో ఇంటి నేలపై ఆడదగిన యుద్ధమునకు నియమములు ఏర్పరచినాడు. ఆయన ఇండ్లను చెక్క దిమ్మెలతోను అట్టలతోను కట్టుకొన్నాడు. నేడు లోకమున అనేక దేశములలో ఆడుచున్న 'మినియేచర్ వార్‌గేమింగ్' అను బొమ్మసేనల యుద్ధక్రీడకు ఆ పుస్తకమును ఆదిగ్రంథములలో ఒకటిగా చెప్పుదురు.

ఈ క్రీడ ఎరుగని చదువరుల కొరకు రెండు మాటలు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల బల్ల యుద్ధభూమి. వ్రేలెడు పొడవైనను లేని సిపాయి బొమ్మలు సేనలు. ఎంత దూరము నడువవచ్చునో టేపుతో కొలుతురు. కాల్పుల ఫలితమును పాచికలు వేసి తేల్చుదురు. గుట్టమీద నున్నవానికి కొంత లాభము, గోడచాటున నున్నవానికి మరికొంత లాభము నియమములే ఇచ్చును. కనుక ఇల్లు, గోడ, చెట్టు, కంచె ఇవన్నియు కేవలము అలంకారములు కావు. సిపాయిలు ఎంతటి పాత్రధారులో ఇవియు అంతటి పాత్రధారులే.

మన కళాశాల చరిత్ర విద్యార్థులు కొందరు గుత్తికోట ముట్టడిని ఈ పద్ధతిని బల్లమీద ప్రదర్శింపవలెనని తలంచినారు. రైలు నమూనాల కొరకు రంగులు వేసి సిద్ధముగా అమ్ము ఇండ్లను అందులకై తెప్పించుటకు కమిటీవారి అనుమతి కోరుచున్నారు. ఇది డబ్బుతో కూడిన ప్రశ్న మాత్రమే అయినచో మేము కలము పట్టియుండము. దీనిలో చరిత్రను ఎట్లు చూడవలెనను ప్రశ్న ఇమిడియున్నది. అందువలన మా అభిప్రాయమును విద్యార్థుల యెదుట, పెద్దల యెదుట ఉంచుచున్నాము.

మొదట ఈ ఇండ్ల పుట్టుక తెలియవలెను. చిన్న పట్టాలపై చిన్న రైళ్ళను నడుపుకొను వేడుక ఐరోపా, అమెరికాలలో బాగుగా వ్యాపించినది. మన దేశమున దాని రుచి చూడగోరువారికి పూణె నగరమున జోషీగారి చిన్న రైళ్ళ మ్యూజియము కలదు. అది 1998లో తెరువబడినది. రైలు ఉన్నపుడు స్టేషను ఉండవలెను, స్టేషను ఉన్నపుడు ఊరుండవలెను. కావున రైలు బొమ్మల వెంట ఇంటి బొమ్మలును పుట్టినవి. జర్మనీలోని నల్ల అడవుల సీమలో గ్యూటెన్‌బాఖ్ అను గ్రామమున ఫాలర్ సోదరులు 1946లో స్థాపించిన సంస్థ ఈ ఇంటి బొమ్మలకు ప్రసిద్ధి పొందినది. అవి ముక్కలుగా వచ్చును. కొన్నవారు జిగురుతో అతికించుకొనవలెను. బ్రిటనులో హార్న్‌బీ సంస్థ 'స్కేల్‌డేల్' అను పేరను, బాఖ్‌మన్ సంస్థ 'సీన్‌క్రాఫ్ట్' అను పేరను మరియొక విధమైన ఇండ్లను విక్రయించినవి. ఇవి రెజినుతో పోతపోసి రంగులు వేసినవి. పెట్టె తెరచి బల్లమీద పెట్టుటయే తరువాయి. రైలువారి కొరకు పుట్టిన ఈ ఇండ్లపై యుద్ధక్రీడవారి కన్ను పడుటలో వింత లేదు. 1959 మొదలు ఎయిర్‌ఫిక్స్ సంస్థ అమ్మిన చౌక ప్లాస్టిక్ సిపాయిలు సయితము రైలు నమూనాల కొలతల పేరుతోనే బజారుకు వచ్చినవి. ఇల్లు, సిపాయి ఒకే బజారులో ప్రక్కప్రక్కన పెరిగినవి.

సిద్ధముగా దొరకు ఇంటి వలన లాభములు లేకపోలేదు. ఒక సేనలో నూరు బొమ్మలున్నచో నూటికిని రంగు వేయవలెను. ఆ పనియే నెలలు పట్టును. అటుపైన ఇండ్లను కూడ కత్తిరించి, అతికించి, రంగు వేయవలెనన్నచో పరీక్షలు గల విద్యార్థికి ఆట ఆడు దినము ఎన్నటికిని రాదు. అట్ట ఇల్లు చేతులు మారినకొలది నలుగును. రెజిను ఇల్లు బరువుగా నిలిచి, పాచిక తగిలినను కదలదు. పలువురు కలిసి ఆడు చోట, సామగ్రిని పెట్టెలో పెట్టి తీయుచుండు చోట, ఈ దృఢత్వము చిన్న గుణము కాదు.

ఇక కొలతల మాట. ఇక్కడ లెక్కలు తెలిసినవాడే నిజమైన ఆటగాడు. రైలు నమూనాలలో 'ఓఓ' అనునది 1:76, 'హెచ్ఓ' అనునది 1:87, 'ఎన్' అనునది సాధారణముగా 1:160, బ్రిటనులో 1:148. ఐదడుగుల ఎనిమిది అంగుళముల మనిషి ఓఓలో సుమారు 23 మిల్లీమీటర్లు, హెచ్ఓలో 20 మిల్లీమీటర్లు, ఎన్ కొలతలో 11 మిల్లీమీటర్లు ఉండును. యుద్ధక్రీడా సిపాయిలు 28, 20, 15, 10, 6 మిల్లీమీటర్లు అను ఎత్తులతో లభించును. కనుక 20 మిల్లీమీటర్ల సిపాయికి ఓఓ, హెచ్ఓ ఇండ్లు, 10 మిల్లీమీటర్ల సిపాయికి ఎన్ ఇండ్లు బాగుగా ఒదుగును. కాని అందరు మెచ్చు 28 మిల్లీమీటర్ల సిపాయిని ఓఓ ఇంటి ముందర నిలుపుడు. ఆరున్నర అడుగుల తలుపు అక్కడ 26 మిల్లీమీటర్లు మాత్రమే. పాదపీఠముతో కలిసి మన సిపాయి తల ద్వారబంధమును దాటిపోవును. వాడు ఆ ఇంట ప్రవేశింపవలెనన్నచో వంగియే పోవలెను.

అయినను అనుభవజ్ఞులైన ఆటగాండ్లు తెలిసియే ఒక మెట్టు చిన్న ఇంటిని ఎన్నుకొనుట కలదు. దానికి కారణము నేల కొలత. బల్లమీద ఒక అంగుళమును ఇరువది గజములుగా భావించు ఆటను తీసికొందము. అనగా నేల నిష్పత్తి 1:720. ఆరడుగుల బల్ల 1440 గజముల భూమి అగును. ముప్పది అడుగుల పొడవు గల ఇల్లు, అనగా పది గజముల ఇల్లు, ఓఓలో పండ్రెండు సెంటీమీటర్లుండును. కాని ఆ పండ్రెండు సెంటీమీటర్లు నేల లెక్కలో సుమారు 95 గజములు! ఒక్క ఇల్లు ఒక వీథిని మ్రింగివేసినది. అదే ఇల్లు ఎన్ కొలతలో ఆరు సెంటీమీటర్లకు లోపే, నేల లెక్కలో 45 గజములు. అబద్ధము సగమునకు తగ్గినది. మన గుత్తి కొండయే మంచి ఉదాహరణము. చుట్టునున్న మైదానముపై అది సుమారు 300 మీటర్ల ఎత్తున్నది. ఓఓ నిష్పత్తిలో కట్టినచో దాదాపు నాలుగు మీటర్లు. తరగతి గది కప్పును చీల్చుకొని పోవలెను. నేల నిష్పత్తిలో కట్టినచో 42 సెంటీమీటర్లు. బల్లమీద హాయిగా కూర్చుండును. కాబట్టి కొండకొక కొలత, ఇంటికొక కొలత, సిపాయికొక కొలత ఉండక తప్పదు. బల్లమీది ఇల్లు ఒక ఇల్లు కాదు. అది ఒక ఊరికి గుర్తు.

ఈ ఒప్పందము మన తెలుగువారికి వింత కానేకాదు. దసరాకు గాని సంక్రాంతికి గాని బొమ్మల కొలువు పెట్టు ఇండ్లలో చూడుడు. తెల్లపొణికి చెక్కతో చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికి, రంగులు వేసిన కొండపల్లి బొమ్మలు మెట్లమీద కొలువు తీరును. అంబారీ ఏనుగు ప్రక్కన దానికంటె పెద్ద పెండ్లికూతురు, ఆమె ప్రక్కన అగ్గిపెట్టెంత రైలింజను ఉండును. చూడవచ్చినవారు ఎవరును టేపు తీసి కొలువరు. ఆ కొలువు పెట్టిన ఇల్లాలిని 'అమ్మా, బొమ్మలను నీవే చెక్కితివా?' అని ఎవరును అడుగరు. అమర్చుటలోనే ఆమె నేర్పు. కాబట్టి ఇంకొకరు రంగు వేసిన ఇంటిని తెచ్చుకొనుట సోమరితనమని, అది కళకు ద్రోహమని వాదించువారితో మేము ఏకీభవింపజాలము. నేతగాడు నేసిన గుడ్డతోనే కదా దర్జీ అంగీ కుట్టును!

అయితే మా ఆక్షేపణ మరియొక చోట ఉన్నది. రంగు ఎవరు వేసినారను ప్రశ్న మాకు లేదు. ఇల్లు ఎవరిదను ప్రశ్న ఉన్నది.

ఆ పెట్టెలలో వచ్చు ఇండ్లను పరికింపుడు. నిటారైన వాలు కప్పు, పొగగొట్టము, పలకరాళ్ళ పైకప్పు, గోడలలో అడ్డనిలువు కొయ్యలు, ముంగిట పచ్చిక. ఆ వాలు మంచు, వాన జారుటకు. ఆ పొగగొట్టము చలికాలపు నెగడు కొరకు. ఆ దేశపు వాన, ఆ దేశపు చలి ఆ ఇంటి ఆకారమును తీర్చినవి. ఆ ఇల్లు ఆ నేలమీద సత్యము. రెండవ ప్రపంచ యుద్ధమున ఐరోపాలో జరిగిన పోరాటమును చూపదలచినవాడు ఈ ఇండ్లను నిస్సందేహముగా వాడవచ్చును. అతనికవి తగినవి, చాలినవి.

మన ఊరి ఇల్లు అట్టిది కాదు. గుమ్మఘట్ట చుట్టుపట్టుల, రాయదుర్గము సీమలో, పాత గ్రామమునందు నిలిచి చూచినచో కనుపించునది చవుడు మిద్దె. రాతి గోడ, దూలములు, దంతెలు, వానిపై పఱచిన బండలో కట్టెలో, వానిమీద చవుడు మన్ను. వెలుతురు కొరకు కప్పులో గవాక్షి. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే చూచు జిల్లాలో కప్పును వాల్చవలసిన అగత్యము లేదు. మిద్దెమీద ధాన్యము ఎండబోయుదురు, వేసవి రాత్రులు నిద్రించుదురు. ఊరి నడుమ రచ్చకట్ట. పాళెగాండ్ర నాటి ఊళ్ళలో ఎత్తైన బురుజు. పొలమున బావి, బావిపై ఎద్దులు లాగు కపిల. నేల ఎఱ్ఱన. పచ్చిక చాపపై వాలుకప్పు ఇల్లు పెట్టి దానిని గుత్తి అన్నచో, అది పేరు మార్చిన పరదేశమే కాని గుత్తి కాదు. పైగా అవి రైలు నమూనాల ఇండ్లు. మద్రాసునుండి వచ్చిన రైలు మార్గము, బొంబాయినుండి వచ్చిన మార్గము రాయచూరు వద్ద కలిసినది 1871లో. గుత్తి ముట్టడి జరిగినది 1776లో. హైదరలీ సేనలు స్టేషను మాస్టరు ఇంటి చాటున పొంచియుండుట న్యాయము కాదు కదా!

ఇది చూపుల సొంపును గూర్చిన చిన్న తగవు మాత్రమే అయినచో ఇంతటితో విడిచిపెట్టియుందుము. కాని ఆ ముట్టడిలో ఏమి జరిగినదో స్మరింపుడు. గుత్తి కోట మరాఠా నాయకుడైన మురారిరావు ఘోర్పడే చేతిలో ఉండెను. ఆ కొండను, ఆ ప్రాకారములను ఫిరంగులతో పగులగొట్టుట ఎవరికిని సులభము కాదు. కోటను లొంగదీసినది గుండు కాదు, దాహము. లోపలి నీరు అడుగంటినది. మురారిరావు లొంగక తప్పినది కాదు. ఆ వీరుడు కబ్బాళదుర్గమున బందీగా కన్నుమూసినాడు. గుత్తి కొండపై ఎన్నో బావులు, నీటి తొట్లు త్రవ్వినవారు వెఱ్ఱివారు కారు. ఈ పీఠభూమిపై కోటకు ప్రాణము గోడలో లేదు, నీటిలో ఉన్నదని వారెరుగుదురు. మనకును అది తెలియని సంగతి కాదు. మన మండలముననే వేదవతిపై భైరవానితిప్ప ప్రాజెక్టు ఉన్నది. నదియున్నది, ఆనకట్టయున్నది, వాన లేని ఏండ్లలో ఆ జలాశయపు అడుగున నెఱ్ఱెలు చూచినవారు మన విద్యార్థులలో ఎందరో కలరు.

ఇప్పుడు బజారునుండి తెచ్చిన పెట్టెలను విప్పుడు. వానిలో గుడిసెయున్నది, చర్చియున్నది, సారాయి అంగడియున్నది, స్టేషనున్నది. మన కథను తేల్చిన ఆ నీటితొట్టి లేదు, కపిల బావి లేదు. బల్లమీద లేని వస్తువు లెక్కలోనికి రాదు. లెక్కలోనికి రానిది మనస్సులోనికి రాదు. బావి లేని బల్లపై గుత్తి ముట్టడి ఆడిన విద్యార్థి, గుఱ్ఱపు దళము ఇంకొక రెండంగుళములు ముందుకు పోయియున్నచో మురారిరావు గెలిచియుండునని తలంచును. అతడు చరిత్రను తప్పుగా నేర్చుకొనును. అదియు ఎంతో సంతోషముగా, తాను నేర్చుకొన్నానను నమ్మకముతో నేర్చుకొనును. సిద్ధముగా దొరకు ఇంటితో వచ్చు ప్రమాదమిది. ఇంటితోపాటు ఆలోచనయు సిద్ధముగా వచ్చును.

మరియొక మాట. క్రీడా నియమములలో ఇల్లు అనునది 'చాటు'. దానిలో దూరినవానిని కొట్టుట కష్టము, పాచికలో ఒకటి కలుపుకొనుడు, అంతే. ఆ ఇంట ఎవరు కాపురమున్నారో నియమము అడుగదు. జర్మనీ ఇల్లో, ఇంగ్లాండు ఇల్లో అయినచో మన పిల్లవాడును అడుగడు. అది ఎవరిదో బొమ్మ ఇల్లు. కాని బల్లమీద నున్నది తన అవ్వ ఇంటి వంటి మిద్దె అయినచో, గవాక్షిలోనుండి వంటింటి పొగ వచ్చు మిద్దె అయినచో, దానిపై ఫిరంగిని గురిపెట్టునపుడు చేయి ఒక్క క్షణము ఆగును. ఆ ఒక్క క్షణమే చదువు. మన సీమలో గత శతాబ్దమున కక్షల పేరిట బాంబులు పడిన ఇండ్లు, ఖాళీ అయిన వీథులు లేకపోలేదు. ఇల్లు చాటు మాత్రమే అని నేర్పు ఆట మన పిల్లలకు అక్కరలేదు.

యుద్ధక్రీడకు నియమములు వ్రాసిన వెల్స్ సయితము యుద్ధమును పొగడలేదు. తన చిన్న యుద్ధములను మూడు నాలుగు పర్యాయములు ఆడినవానికి నిజమైన మహాయుద్ధము ఎంతటి తెలివిమాలిన పనియో బోధపడునని ఆ గ్రంథమునందే సూచించినాడు. మరుసటి సంవత్సరమే, 1914లో, మహాయుద్ధము వచ్చినది. మన ఉర్దూ విద్యార్థులకు ప్రేమ్‌చంద్ వ్రాసిన చదరంగపు ఆటగాండ్ర కథ పరిచితమే. 1856లో అవధ్ రాజ్యము ఆంగ్లేయుల పాలగుచుండగా, మీర్జా, మీరు ఇరువురు షత్రంజ్ బాజీలో మునిగియుందురు. తమ రాజు బందీయగుచుండగా ఒక్క కన్నీటిబొట్టు విడువనివారు, ఆటలోని మంత్రి కొరకు కత్తులు దూసి ప్రాణములు విడుతురు. గడులు మాత్రమే చూచి ఊరిని చూడని ఆటగాండ్ర గతి అది. సత్యజిత్ రాయ్ 1977లో దానిని చలనచిత్రముగా తీసినారు. ముగింపును మార్చినారు కాని, హెచ్చరికను మార్చలేదు.

ఇక కర్తవ్యము. 'అట్లయినచో రైలు ఇండ్లను బహిష్కరింపవలెనా?' అని అడుగువారికి మా సమాధానము: అక్కరలేదు. కమిటీవారు రెండో మూడో ఇండ్లను తెప్పించుట మంచిదే. వానిని చూచి విద్యార్థులు పనితనము నేర్వవలెను. గోడకు వెల్ల ఒక్కటే రంగు కాదని, అడుగున మట్టి చిమ్మిన మరక, చూరు క్రింద నీడ, గుమ్మము వద్ద చేతుల నలుపు ఉండవలెనని ఆ రంగులు చెప్పును. వానిని మాదిరిగా ఉంచుకొనుడు. రైలు వచ్చిన తరువాతి కాలపు కథను చూపునపుడు స్టేషను, గూడ్సు షెడ్డు పనికివచ్చును కూడ. కాని గుత్తి ముట్టడికి వలసిన ఊరిని మన చేతులతోనే కట్టవలెను.

అది అసాధ్యమేమియు కాదు. ఓఓ కొలతలో ఒక సౌకర్యము కలదు: అడుగునకు నాలుగు మిల్లీమీటర్లు. అంత సులభమైన లెక్క మరియొకటి లేదు. తొమ్మిదడుగుల గోడ 36 మిల్లీమీటర్లు. ఐదున్నర అడుగుల తలుపు 22 మిల్లీమీటర్లు. పాత మిద్దెలో తల వంచియే కదా ప్రవేశింతుము! ముప్పది అడుగుల మిద్దె పండ్రెండు సెంటీమీటర్లు. ఇరువది అడుగుల వెడల్పు గల బావి ఎనిమిది సెంటీమీటర్లు. ముప్పది అడుగుల బురుజు పండ్రెండు సెంటీమీటర్ల ఎత్తు. గోడలకు శుభలేఖల దళసరి అట్ట చాలును. దూలములకు జొన్నదంటు బెండు ఉన్నది. దానితో బండ్లు చేసి ఆడుకొనని పల్లెటూరి పిల్లవాడుండడు. జల్లించిన ఎఱ్ఱమన్నును జిగురులో కలిపి పూసినచో గోడకు రంగు వేయనక్కరలేదు. మన నేలయే మన రంగు. బల్లపై పచ్చని చాపకు బదులు అదే మన్ను చల్లుడు.

పైగా మన మిద్దె ఆటకు ఆ వాలుకప్పు ఇంటికంటె ఎక్కువ అనుకూలము. వాలుకప్పుపై సిపాయి నిలువడు, జారిపడును. పోతపోసిన ఇంటి కప్పు సాధారణముగా ఊడిరాదు. లోపల ఎవరున్నారో కాగితముపై వ్రాసుకొనవలెను. మిద్దె కప్పు చదును. దానిమీద పది సిపాయిలను నిలుపవచ్చును. దానిని పెట్టె మూతవలె చేసినచో ఎత్తి లోపల మరి పదిమందిని పెట్టవచ్చును. ఒక మిద్దెనుండి మరియొక మిద్దెకు నడచిపోవుట మన ఊళ్ళలో పిల్లలెరిగిన దారియే. బల్లమీద అది ఒక క్రొత్త వ్యూహమగును. ఇన్ని సుగుణములు గల ఇల్లు మన చెంత ఉండగా, లేనిదానికై మొదటనే దూరదేశమునకు ఉత్తరము వ్రాయనేల?

నియమములలోను ఒక్కటి చేర్పవలెనని మా సూచన. కోటలోని ప్రతి నీటితొట్టికి కొన్ని గింజలు కేటాయింపుడు. వేరుసెనగ గింజలైనను సరియే. ప్రతి వరుసకు ఒక గింజ తీసివేయుడు. దళము పెద్దదైనచో రెండు తీయుడు. గింజలు తీరిననాడు కోట లొంగవలెను, పాచికలతో పని లేదు. ముట్టడించువానికి బయటి బావుల విషయమున ఇదే నియమము వర్తించును. అపుడు ఇరువురు ఆటగాండ్లును మొదటి క్షణమునుండి బావిని చూచుచునే సేనను నడుపుదురు. మురారిరావు ఏమి చూచినాడో, హైదరలీ దేని కొరకు వేచియున్నాడో వారికి పుస్తకము చెప్పనక్కరలేదు.

విద్యార్థి మిత్రులారా! ఈ పని ఒక్క చరిత్ర శాఖది కాదు. లెక్కలవారు కొలతలు చూడవలెను, విజ్ఞానశాస్త్రమువారు మన్ను, జిగురు పాళ్ళు చూడవలెను. ఉర్దూ, తెలుగు విద్యార్థులు కలిసి బల్ల ప్రక్కన పెట్టవలసిన వివరణ పత్రములను రెండు లిపులలో వ్రాయవలెను. మీ ఇండ్లకు పోయి అవ్వలను తాతలను అడుగుడు: మిద్దెకు ఎన్ని దూలములు వేసిరి, చవుడు ఎక్కడినుండి తెచ్చిరి, కపిల బావి ఏ మూల నుండెను, ఏ కరవులో అది ఎండెను. వారు చెప్పినది వ్రాసికొనుడు. పాత మిద్దెలు ఏటేట కూలి సిమెంటు కప్పులు లేచుచున్న ఈ దినములలో ఆ కొలతలు తీసికొనుటకు ఇంక ఎక్కువ కాలము మిగిలియుండదు. ఆట ముగిసిన తరువాత బొమ్మలు పెట్టెలోనికి పోయినను, ఆ కాగితములు మన గ్రంథాలయమున నిలిచియుండును.

కమిటీ పెద్దలకు మా మనవి ఇంతే: రెండు మూడు సిద్ధమైన ఇండ్లకు అనుమతి ఇండు, మిగిలిన సొమ్మును అట్టకు, జిగురుకు, కత్తెరలకు, విద్యార్థులు గుత్తికి పోయి వచ్చు బస్సు ఖర్చులకు కేటాయింపుడు. కొండనెక్కి ఆ నీటితొట్లను కన్నులార చూచి వచ్చినవారు బల్లమీద మొదట బావిని పెట్టుదురు, దాని చుట్టు ఊరిని కట్టుదురు. సిపాయిలను ఆ తరువాత నిలుపుదురు.